కింది నీళ్లు

తొలి బస్సు దిగి, అలుగు దారిన మా చెరువు దగ్గరికి వచ్చేసరికి నాకు ముందు కనిపించింది చచ్చిన చేపలు. అలుగు పక్కన మోకాలి లోతు నీళ్లలో బొచ్చెలు, రవ్వలు పొట్టలు పైకి పెట్టి, నోళ్లు తెరుచుకుని తేలుతున్నాయి. నీళ్లు కాఫీ రంగుకు తిరిగాయి. కుళ్లిన గుడ్డు కంపు కొడుతోంది. ఆ మూలంతా చేపల్ని తోసుకుంటూ నడిచాను. ఆ తరువాత కేక వినిపించి తల ఎత్తి చూశాను.

కట్ట మధ్యలో, తూము దగ్గర, మా బాపు పడవ తెడ్డుతో లచ్చయ్య కాకను కొడుతున్నాడు.

దూరం నుంచి చూస్తే ఎవరో బట్టలు ఉతుకుతున్నట్టే ఉంది. పరుగెత్తి దగ్గరికి పోయాక చప్పుడు తెలిసింది. తెడ్డు ఎడమ చెవి మీద పడింది. చెవి సగం తెగి మెడ మీదికి వేలాడింది. లచ్చయ్య కాక చేతులు అడ్డం పెట్టుకోలేదు. అన్నేళ్లు కలిసి తిరిగిన మనిషి తనను నిజంగానే కొడుతున్నాడని ఆయనకు ఇంకా నమ్మకం కుదరలేదేమో. రెండో దెబ్బకు మోకాళ్ల మీద కూలిపోయాడు.

మా తండా టేకులపల్లి అవతల అడవిలో ఉంది. చెరువుకు ఒక పక్క మా లంబాడీ ఇళ్లు, ఇంకో పక్క కోయ గుంపు. చేపల సొసైటీ తండాది. దానికి ప్రెసిడెంట్ మా బాపు, కిషన్‌లాల్. చెరువు కాపలా మాత్రం కోయ లచ్చయ్యది. కట్ట మీద గుడిసెలో భార్య జంపక్కతో ఉంటాడు. నేను ఆయన్ని కాక అంటాను, ఆమెను చిన్నమ్మ అంటాను. నాకు ఈత నేర్పింది ఆయనే. ఆ ఈత రాకపోతే సముద్రం మీద ఉద్యోగానికి మా యాడి, అంటే మా అమ్మ, నన్ను గడప దాటనిచ్చేది కాదు.

నాది పరిశోధన ఓడలో పని. సీసాలు తాడుకు కట్టి బంగాళాఖాతంలోకి దించుతాం. ఏ లోతులో నీళ్లు ఎంత వేడి, ఎంత ఉప్పు, ఎంత పాచి, ఎంత ప్రాణవాయువు అని చూస్తాం. డిసెంబరులో తుఫాను వస్తుందనగానే ఓడను విశాఖ రేవులో కట్టేసి మమ్మల్ని ఇళ్లకు పొమ్మన్నారు. తుఫాను నాకంటే ముందే మా ఊరికి వచ్చి పోయింది.

"బాపూ!" అని అరిచాను. ఆయన తిరిగి చూశాడు. నా బిడ్డ వచ్చిందన్న సంతోషం ఆ ముఖంలో ఒక్క క్షణం కనిపించింది. నాకు అప్పుడే ఒళ్లు మండిపోయింది. మనిషిని చంపుతూ నవ్వు ముఖం పెడతాడేంది!

"చూడు సోనీ, చెరువంత చంపిండు ఈ లంగ" అన్నాడు. "మంగకాయ కలిపిండు."

కట్ట మీద ఒక గోనెసంచి చించి పారేసి ఉంది. అందులోంచి ఎండిన మంగకాయలు దొర్లాయి. మంగకాయ దంచి మడుగులో కలిపితే చేపలు మత్తెక్కి తేలుతాయి. కోయోళ్లు వాగు మడుగుల్లో అలా పట్టుకోవడం తాతల నాటి పద్ధతి. ఆ సంచి లచ్చయ్య కాక గుడిసెలో దొరికిందట. రోలుకు ఇంకా పొడి అంటుకుని ఉందట. అంతే, సాక్ష్యం సరిపోయింది.

జంపక్క చిన్నమ్మను ఇద్దరు ఆడవాళ్లు రెక్కలు విరిచి పట్టుకున్నారు. ఆమె గొంతు బొంగురుపోయింది. "పెద్దల పండుగకు వాగుల కలపనీకె దంచినమురా! మంగకాయ చేప మేం తింటం! మత్తు పెట్టినోళ్లం తట్టలు తెచ్చుకోమా? గింత చేప మురగబెట్టుకుంటమా?"

అంతకంటే తెలివైన మాట ఆ పొద్దు కట్ట మీద ఇంకెవరూ అనలేదు. కానీ ఎవరు వింటారు? ఆ చేపల మీద తండా అంతా ఆశ పెట్టుకుంది. ఖమ్మం నుంచి లారీ వచ్చే వారం అది. ఎండకు పత్తి పోయింది, తుఫానుకు కల్లంలో వడ్లు తడిశాయి, మిగిలింది ఈ చెరువే. కడుపు మండినవాడికి న్యాయం చెప్పడం, మండే ఇంట్లో చీపురు పట్టడం ఒకటే.

బలరాం ముందుకొచ్చాడు. నాకు మేనబావ వరస. సొసైటీలో వలల పని చూస్తాడు, మాట కంటే చెయ్యి ముందు లేస్తుంది. లచ్చయ్య కాక జుట్టు పట్టి మెట్ల మీద నుంచి నీళ్లలోకి ఈడ్చాడు.

"నువ్ కలిపింది నువ్వే తాగు" అని తల ముంచాడు.

నీళ్లు ఎర్రబడ్డాయి. కాళ్లు కొట్టుకున్నాయి. పైకి లేపాడు, మళ్లీ ముంచాడు. జనం లెక్కపెడుతున్నారు, ఆటలో లెక్కపెట్టినట్టు! నేను భుజాన ఉన్న నా సంచి పారేసి దూకాను. చచ్చిన చేపలు ముఖానికి తగిలాయి. బలరాం మణికట్టు అందింది. ఎముక తగిలేదాకా కొరికాను. వాడు అరిచి వదిలేశాడు, మరో చేత్తో నా దవడ మీద గుద్దాడు. పన్ను ఒకటి నోట్లోనే ఊడింది. దాన్ని ఉమ్మేసి, లచ్చయ్య కాక తల నీళ్ల పైకి ఎత్తి పట్టుకున్నాను. ఆయన దగ్గి, నీళ్లు కక్కి, ఒక కంటితో నన్ను గుర్తుపట్టాడు.

"మంగకాయ కాదు!" అని అరిచాను. "తుఫాను చంపింది! గాలి చంపింది!"

ఒక్కసారి అందరూ ఆగారు. చెప్పగలిగినంత వేగంగా చెప్పాను. ఈ ఏడు ఆగస్టు అంతా చుక్క రాలలేదు కదా. పసిఫిక్ సముద్రం వేడెక్కి మనకు వానలు ఎగ్గొట్టిన ఏడు ఇది. చెరువు తగ్గి, ఎండకు కాగి, పైన వేడి నీళ్లు మూత పెట్టినట్టు పరుచుకున్నాయి. పైన పాచి పచ్చగా పెరిగింది. చచ్చిన పాచి, ఆకు, పేడ అడుగున కుళ్లి అక్కడి ప్రాణవాయువంతా తినేసింది. మూత ఉన్నన్నాళ్లు కింది విషం కిందే ఉంది. తుఫాను వచ్చి పైనీళ్లు చల్లబరిచి, గాలి చెరువును తిరగేసింది. కింది నీళ్లు పైకొచ్చాయి. మబ్బుకు ఎండ లేక, పగలు ప్రాణవాయువు ఇచ్చే పాచి కూడా పని మానేసింది. చేపలకు ఊపిరి ఆడలేదు. వాసన చూడండి, మంగకాయ ఇలా కంపు కొడుతుందా?

బలరాం రక్తం కారే చెయ్యి నోట్లో పెట్టుకుని విన్నాడు. తరువాత నవ్వాడు.

"తుఫానా? ఏడుందది? తీస్కరా, దాన్ని గూడ కొడ్తం."

జనం నవ్వారు. ఆ నవ్వు వినగానే నాకు అర్థమైంది. వీళ్లకు కారణం అక్కర్లేదు, మనిషి కావాలి. కట్టి కొట్టడానికి, ముంచడానికి ఒక ఒళ్లు కావాలి. చదువుకున్న మాటలు ఎన్ని చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

అప్పుడే అవతలి ఒడ్డు నుంచి కేకలు వచ్చాయి. లచ్చయ్యను చంపుతున్నారని గుంపుకు కబురు పోయింది. కోయ మగవాళ్లు గొడ్డళ్లు, విల్లంబులు పట్టుకుని నీళ్ల అంచు వెంట పరుగెత్తుకొస్తున్నారు. మా తండా నాయక్ దేవ్లా, తెల్ల తలపాగా పెద్దమనిషి, ఆగమని చేతులెత్తి ఎదురెళ్లాడు. బాణం ఆయన తొడలో దిగింది. పాపం, ఆ జనంలో తిట్టైనా తిట్టనిది ఆయన ఒక్కడే. కింద పడి తొడ పట్టుకుని మెలికలు తిరిగాడు. మావాళ్లు రాళ్లు అందుకున్నారు. ఒక కోయ పిల్లవాడికి నుదురు పగిలింది. ఇంకెవడో గొడ్డలి విసిరితే అది ఒక తండా మనిషి భుజాన్ని గీరి మట్టిలో పాతుకుంది. బలరాం ఎప్పుడు కట్టెక్కాడో, మళ్లీ మెట్లు దిగుతున్నాడు, ఈసారి చేతిలో కత్తి ఉంది.

"ముందు వీని పని అయిపోవాలె" అన్నాడు లచ్చయ్య కాక వైపు చూస్తూ.

నా చూపు తూము పక్కనున్న రెండు ఆయిలింజన్ల మీద పడింది.

అవి అక్కడెందుకున్నాయో నాకు తెలుసు. తీజ్ పండక్కి వచ్చినప్పుడు ఫోనులో బాపుకు ఒక బొమ్మ చూపించాను. తుఫాను పోయిన దారి పొడుగునా సముద్రం పచ్చబడ్డ బొమ్మ. మన గోదావరి లాంటి నదుల మంచినీళ్లు సముద్రం మీద తేలుతూ మూత వేస్తాయని, ఎరువు కింద, ఎండ పైన ఉండిపోతాయని, తుఫాను రెండిటినీ కలిపితే ప్లాంక్టన్ అనే సన్నని పాచి పుట్టుకొస్తుందని చెప్పాను. ఆ పాచి గాలిలోని బొగ్గుపొగను తింటుంది. చేప పాచిని తింటుంది. మిగిలింది చచ్చి అడుగుకు దిగుతుంది. మణుగూరులో తవ్వి కాల్చిన బొగ్గు కొంత అలా సముద్రం అడుక్కి పోతుందంటే బాపు నోరు తెరుచుకుని విన్నాడు. ఎక్కువ కలిపితే అడుగున దాగిన పాత పొగ కూడా పైకొస్తుందని, సముద్రం సంగతి చెరువుకు పనికిరాదని కూడా అన్నాను. అది ఆయన చెవికెక్కలేదు. బిడ్డ చదువు మీద గర్వం ఉన్న తండ్రికి సగం మాట చాలు. పోయిన వారం ఫోనులో అన్నాడు: "సోనీ, మనం గూడ సముద్రం లెక్కనే చేస్తున్నం. తూము గుంతల నీళ్లు ఇంజన్‌తో తోడి పైన కొడ్తున్నం. లారీ వచ్చేటాల్లకు చేప బలుస్తది." ఆపమని చెప్పేలోపే సిగ్నల్ పోయింది. ఆ రోజు నుంచే మబ్బు పట్టింది.

బాపు ఇంజన్ పక్కనే తెడ్డు పట్టుకుని రొప్పుతూ నిలబడ్డాడు. తెడ్డు అంచున లచ్చయ్య కాక వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి.

"చంపింది ఎవరో చెప్త" అని అరిచాను. "చంపింది మా బాపు!"

కోయోళ్లు కూడా ఆగారు.

లచ్చయ్య కాకను మెట్లకు ఆనించి, నేను కట్టెక్కి ఇంజన్ హ్యాండిల్ తిప్పాను. నాలుగైదుసార్లు దగ్గి అందుకుంది. తూము గుంత నీళ్లు తోడే పైపు నల్లటి నీళ్లు కక్కింది. ఆ కంపుకు ముందు వరుసలో వాళ్లు ముక్కు మూసుకున్నారు. బలరాం ఎర కోసం డ్రమ్ములో పెంచుకునే బతికున్న చిన్న చేపలున్నాయి. ఆ నల్లనీళ్లు బకెట్‌లో పట్టి, గుప్పెడు చేపలు అందులో వేశాను. అవి గిరగిరా తిరిగాయి. పైకొచ్చి నోళ్లు తెరిచాయి. ఒక్కొక్కటే పక్కకు ఒరిగి, అందరూ చూస్తుండగా పొట్టలు పైకి పెట్టాయి. బకెట్‌లో మంగకాయ లేదు. అది గుడ్డివాడికి కూడా తెలుస్తుంది.

"గుంతల కుళ్లు నీళ్లు తోడి చెరువంత పోసింది ఎవరు?" అన్నాను. "ప్రెసిడెంట్ కాదా?"

బాపు ముఖం ఎలా మారిందో చెప్పలేను. చెప్పాలని కూడా లేదు. బకెట్ వైపు చూశాడు, పైపు వైపు చూశాడు, నా వైపు చూశాడు. "నేనా?" అన్నాడు. చిన్నపిల్లవాడి గొంతు అది.

ఇంజన్‌లో డీజిల్ పోసింది బలరామే. పైపులు మోసింది ఆ జనంలో సగం మంది. అయినా మొదటి రాయి అక్కడి నుంచే వచ్చింది. బలరాం లచ్చయ్య కాకను వదిలేసి మెట్లెక్కి, కత్తి పారేసి, బాపు చేతిలోంచి తెడ్డు గుంజుకున్నాడు. తిరగేసి మోచేతి మీద కొట్టాడు. ఎముక ఎండు కట్టెలా విరిగింది. రెండో దెబ్బ వీపు మీద, మూడోది నడుము మీద. ఆ తరువాత కాళ్లు, చేతులు, కర్రలు, ఎవరిది ఏదో తెలియలేదు. నిన్నటిదాకా ఆయన పాదాలకు మొక్కినవాళ్లే తొక్కుతున్నారు. నేను బాపు మీద పడి పడుకున్నాను. నా నడుము మీద, మెడ మీద పడ్డాయి దెబ్బలు. కింద బాపు ఊపిరి నా చెంపకు తగులుతోంది. చెప్పినందుకు నాకు పశ్చాత్తాపం లేదు. ఉన్నది కోపమే, ఆయన మీద, వాళ్ల మీద, ఆ దరిద్రపు గాలి మీద.

కోయోళ్లు విల్లులు దించేశారు. తమవాణ్ణి కొట్టినవాణ్ణి తమ చెయ్యి పడకుండానే కొడుతుంటే ఇంకేం చేస్తారు? ఇద్దరు నీళ్లలోకి దిగి లచ్చయ్య కాకను ఎత్తుకున్నారు. చేపల ట్రాలీ ఆటోలో పడుకోబెట్టారు. జంపక్క చిన్నమ్మ ఎక్కి మొగుడి తల ఒళ్లో పెట్టుకుంది. ఆటో కదలబోతుంటే కట్ట మీదికి ఒకసారి చూసింది. జనం అలిసిపోయి పక్కకు జరిగారు. బాపు మట్టిలో ముద్దలా పడి ఉన్నాడు.

"వాన్ని గూడ ఎయ్యిండ్రి" అంది. జాలితో అన్న మాట కాదది. ఆటోలో చోటుంది, దవాఖానాకు పోతున్నారు, అంతే.

అలా ఇద్దర్నీ పక్కపక్కన వేసుకుని భద్రాచలం పోయాం. సారపాక మిల్లు దగ్గర వెదురు లారీలు అడ్డం వచ్చి ఆటో ఆగింది. లచ్చయ్య కాక రక్తం, బాపు రక్తం రేకు మీద ఒకే పాయగా కారి నా చెప్పుల కిందికి వచ్చింది. వంతెన దాటుతుంటే కింద గోదావరి ఎర్రగా, తుఫాను నీళ్లతో నిండుగా సముద్రానికి పోతోంది. ఆ నీళ్లే అక్కడికి పోయి మళ్లీ మూత వేస్తాయి. నేను మళ్లీ పోయి సీసాలు దించాలి. తుఫాను దారిలో పాచి పుడితే మా ఓడలో అందరూ సంబరపడతారు.

చావు తప్పి కన్ను లొట్టపోయినట్టు, లచ్చయ్య కాక బతికాడు గానీ ఎడమ చెవి పోయింది. ఆ చెవితో ఇంకెప్పుడూ వినపడదన్నారు. బాపుకు మోచెయ్యి, రెండు పక్కటెముకలు విరిగాయి. పోలీసులు వచ్చి రాసుకున్నారు. ముందు కొట్టింది ఎవరని అడిగితే బాపు "నేనే" అన్నాడు. తనను కొట్టింది ఎవరంటే "చూడలే" అన్నాడు.

ఒకే వార్డులో ఎదురెదురు మంచాలు దొరికాయి. మొదట్లో వాళ్లిద్దరూ ఒకరి వైపు ఒకరు చూసుకోలేదు. తరువాత తండా నుంచి దేవ్లా నాయక్ కుంటుకుంటూ వచ్చి, కాపలా మళ్లీ లచ్చయ్యదేనని, మంగకాయ మాట ఎత్తినవాడికి తప్పు కింద జరిమానా వేస్తామని చెప్పి పోయాడు. జంపక్క చిన్నమ్మ విని తల ఊపింది. ఆ పొద్దు ఆమె మొగుడికి జావ తాగించి, మిగిలింది గ్లాసులో పోసి మా బల్ల మీద పెట్టి పోయింది. బాపు దాన్ని చాలాసేపు చూసి తాగాడు.

తాగాక నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"సోనీ, నిజం జెప్పు. నా ఇంజనే చంపిందా?"

అబద్ధం చెప్పొచ్చు. కానీ ఆ రోజు బస్సు దిగి వచ్చిన దారి కళ్ల ముందు నిలబడింది. అలుగు మూల తూముకు ఎంత దూరం! ఇంజన్ నీళ్లు అంతదూరం పారవు. అక్కడి మోకాలి లోతు నీళ్లలో కూడా అన్నీ ఒకే రంగు, ఒకే కంపు, ఒకే చావు. గాలి చెరువంతా ఈ చివర నుంచి ఆ చివరకు తిరగేసింది. బాపు ఇంజన్లు తూము దగ్గర నాలుగు చేపల్ని ముందు చంపి ఉంటాయి. పెట్టకపోయినా అన్నీ చచ్చేవే.

"కాదు" అన్నాను. "గాలే చంపింది. అలుగు దగ్గర గూడ చచ్చినయ్ బాపూ. నేను ముందే చూసిన."

ఆయన కళ్లు పెద్దవయ్యాయి.

"మరి నా పేరెందుకు జెప్పినవే?"

"గాలికి వీపు లేదు బాపూ."

తిడతాడనుకున్నాను. ఉన్న చేత్తో కొట్టినా పడదామనుకున్నాను. ఆయన ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. పక్కటెముకల నొప్పికి ఊపిరి ఆగి ఆగి తీస్తున్నాడు. మళ్లీ ఇటు తిరిగి, నా చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించాడు.

"ఈ ముచ్చట తండాల ఎవలకు జెప్పకు. ఇంజనే అనుకోనీ."

"ఎందుకు?"

"కాదని తెలిస్తే మల్ల మంగకాయ దగ్గరికే వస్తరు."

ఎదురు మంచం వైపు చూశాను. లచ్చయ్య కాక పక్కకు తిరిగి పడుకున్నాడు. ఆయన కట్టు కట్టిన చెవి మా వైపే ఉంది.